బండికి స్టిక్కరింగ్ చేయించాలంటే ఎంత పెట్టుకోవాలి? విజయవాడ, గుంటూరు వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరులో కారం, పసుపు, కందిపొడి వ్యాపారం. రెండు టాటా ఏస్‌లు, ఒక బొలెరో పికప్, ఒక ఈకో మా పేరు మీద తిరుగుతున్నాయి. నాలుగింటికీ వినైల్ స్టిక్కరింగ్, అంటే పేరూ బొమ్మలూ ప్రింట్ చేసిన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ని బండి బాడీకి అతికించే పని, చేయించాం, పీకించాం, మళ్ళీ చేయించాం. కొత్తగా బండి కొన్న తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు అంకె చెప్పండి. ఒక బండికి ఎంతవుతుంది?

బండి చూడకుండా, టేపు పెట్టకుండా ఎవరైనా గుండుగుత్తగా రేటు చెబితే ఒప్పుకోకండి. ఈ పనిలో అందరూ చెప్పేది ఎస్‌ఎఫ్‌టీ రేటు, అంటే చదరపు అడుగుకి ఇంత అని. కాబట్టి షాపు మెట్లెక్కే ముందే కొలతలు మన దగ్గర ఉండాలి. మా ఏస్ తొట్టి పొడవు ఏడడుగులు, దాని మీద కట్టించిన క్లోజ్డ్ బాడీ ఎత్తు ఐదడుగులు, అంటే ఒక పక్కకి 35 చదరపు అడుగులు, రెండు పక్కలకి 70. వెనక తలుపులు రెండూ కలిపి వెడల్పు నాలుగున్నర, ఎత్తు ఐదు, అది 22న్నర. మొత్తం 92న్నర, లెక్క తేలిగ్గా ఉండటానికి 92 అనుకుందాం. మీ బాడీ కొలతలు వేరుగా ఉంటాయి, కొలిచి కాగితం మీద బొమ్మ గీసి, అంకెలు వేసి, ఫోన్లో ఫోటో పెట్టుకోండి.

ఇక రేటు దగ్గర తప్పకుండా అడగాల్సింది, అందులో ఏమేం కలిశాయని. కొందరు ఫిల్మూ ప్రింటూ మాత్రమే చెబుతారు. పైన లామినేషన్, డిజైన్, ఫిటింగ్, పాత స్టిక్కర్ పీకడం, జీఎస్టీ ఒక్కొక్కటీ తర్వాత వచ్చి చేరతాయి. 60 రూపాయలన్న రేటు పని పూర్తయ్యేసరికి 110 అవుతుంది, 90 అన్నవాళ్ళు అన్నీ కలిపే చెప్పి ఉండవచ్చు. మూడు కొటేషన్లు తీసుకుని, మూడింటినీ "అన్నీ కలిపి, టాక్స్‌తో సహా" అనే ఒకే గీత మీదకు తెచ్చాకే పోల్చుకోండి.

నా కొలత 92 వస్తే షాపువాళ్ళు 115 వేశారు. మోసమా?

అన్నిసార్లూ కాదు. ఫిల్మ్ రోల్స్ మామూలుగా 50, 54, 60 అంగుళాల వెడల్పులో వస్తాయి. మీ బాడీ ఎత్తు సరిగ్గా 60 అంగుళాలైతే 60 రోల్ సరిపోదు, ఎందుకంటే అంచులు మడవడానికి పైనా కిందా రెండేసి అంగుళాలు ఎక్కువ ప్రింట్ చేయాలి. అప్పుడు ముక్కల్ని నిలువుగా వేసి, ఒకదాని మీదకు ఇంకొకటి అర అంగుళం ఎక్కేలా అతికిస్తారు. ఆ అదనమూ, పక్కన పోయే కత్తిరింపులూ మన ఖాతాలోకే వస్తాయి. 10 నుంచి 20 శాతం దాకా వేస్టేజీ అంటే నేను వాదించను, అంతకు మించితే ఏ రోల్ మీద ముక్కలు ఎలా వేస్తున్నారో గీసి చూపించమంటాను. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు కొలత దానంతటదే తగ్గుతుంది.

ఒకరు చెప్పిన రేటుకి ఇంకొకరు రెండున్నర రెట్లు చెబుతున్నారు. ఫిల్మ్ అంతా ఒకటే కదా?

ఒకటి కాదు, డబ్బంతా తేలేది ఇక్కడే. చపాతీకీ దోశకీ ఉన్న తేడా అనుకోండి. చవక ఫిల్మ్‌ని ప్లాస్టిక్ ముద్దని రోలర్ల మధ్య ఒత్తి సాగదీసి చేస్తారు, దాన్ని క్యాలెండర్డ్ అంటారు. సాగదీసిన చపాతీ పీట మీద వదిలేస్తే ఎలా వెనక్కి ముడుచుకుంటుందో, ఎండ తగిలిన కొద్దీ ఈ ఫిల్మ్ కూడా అలాగే ముడుచుకోవాలని చూస్తుంది. అంచుల దగ్గర సన్నటి జిగురు గీత బయటపడుతుంది, దాని మీద దుమ్ము చేరి నల్లటి బోర్డరు గీసినట్టు కనిపిస్తుంది. ఖరీదైనది క్యాస్ట్ ఫిల్మ్. ద్రవంగా ఉన్న పీవీసీని పెనం మీద పిండి పోసినట్టు పల్చగా పోసి ఆరబెడతారు. లాగింది లేదు కాబట్టి ముడుచుకోవాలన్న యావ దానికి ఉండదు, వంపులమీదా రివిట్ల మీదా ఒదిగి కూర్చుంటుంది.

క్యాలెండర్డ్‌లోనే రెండు రకాలు, మోనోమెరిక్, పాలిమెరిక్. మోనోమెరిక్ అన్నిటికంటే చవక, చదునైన రేకుకి కొద్దికాలం పనికొస్తుంది. పాలిమెరిక్ మధ్యరకం, సాదా బాక్స్ బాడీకి చాలామందికి ఇదే సరైన ఎంపిక అని నా ఉద్దేశం. గాడులు పడ్డ కంటైనరు రేకు, ఈకో తలుపుల వంపులు, బానెట్టు లాంటి వాటికి క్యాస్ట్ తప్ప వేరేది పెట్టించకండి.

ఇంకో విషయం. మనవాళ్ళు ఫిల్మ్‌ని వేళ్ళ మధ్య పట్టుకుని "ఇది దళసరిగా ఉంది, ఇదే మంచిది" అంటారు. ఇక్కడ అది తిరగబడుతుంది. క్యాస్ట్ దాదాపు 50 మైక్రాన్లే ఉంటుంది, చవక రకం 80 నుంచి 100 మైక్రాన్లు. చేతితో తూచి కొనే సరుకు కాదిది. 3ఎం, ఎవరీ డెనిసన్, ఒరాఫోల్ లాంటి కంపెనీలకి మూడు రకాలూ ఉంటాయి, కాబట్టి "3ఎం వేస్తాం సార్" అన్న మాట చాలదు, ఆ కంపెనీలో ఏ సిరీస్ అన్నది బిల్లు మీద రాయాలి. రోల్ పెట్టె మీద లేబుల్ చూడండి, మంచి ఫిల్ములకి చాలావాటికి వెనక కాగితం మీద కూడా కంపెనీ పేరు అచ్చై ఉంటుంది, ఆ కాగితం ముక్క ఒకటి దాచుకోండి.

లామినేషన్ వద్దంటే డబ్బు మిగులుతుంది కదా అంటారు, బండికి మాత్రం మిగుల్చుకోవద్దు. పైన ఆ పొర లేకపోతే ఇంకు నేరుగా ఎండకీ, తుడిచే గుడ్డకీ దొరుకుతుంది. ఫిల్మ్ ఏ రకమో లామినేషనూ అదే రకం ఉండాలి, క్యాస్ట్ మీద చవక లామినేషన్ వేస్తే పైపొర ముడుచుకుంటూ కిందదాన్ని కూడా లాక్కుపోతుంది.

చవకదే రెండేళ్లకోసారి మార్చుకుంటే పోదా?

లెక్క వేద్దాం. కింద రేట్లు లెక్క కోసం అనుకున్నవి, మీ కొటేషన్ అంకెలు పెట్టి చూసుకోండి. చవకది 100 రూపాయలు అనుకుంటే 92 అడుగులకి 9,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,656, వెరసి 10,856. రెండేళ్లు నిలిస్తే నెలకి 452. ఖరీదైనది 250 అనుకుంటే 23,000, జీఎస్టీ 4,140, వెరసి 27,140. ఐదేళ్లు నిలిస్తే నెలకి అదీ 452.

కాగితం మీద రెండూ సమానం. కానీ ఐదేళ్లలో చవకది రెండుసార్లు పీకాలి, పీకిన ప్రతిసారీ జిగురు తుడవాలి, మళ్ళీ ఫిటింగ్, అన్నీ కలిపి బండి ప్రతిసారీ రెండు మూడు రోజులు షెడ్లో ఉంటుంది. ఆ రోజుల్లో సరుకు వేయడానికి ట్రాలీ ఆటో కిరాయి మన జేబులోంచే. పైగా రెండో ఏడు చివర్లో అంచులు లేచి, రంగు వెలిసిన బండి మీదే మన పేరు ఊరంతా తిరుగుతుంది, నాకు అన్నిటికంటే బాధ అదే.

అయినా చవకది తప్పు అనను. బండి ఏడాదిలో అమ్మేయాలనుకుంటే, ఫోన్ నంబరో షాపు చోటో మారబోతుంటే, ఒక్క సీజను ప్రచారం కోసమైతే చవకదే వేయించండి. బండికి మన దగ్గర ఇంకా ఎన్ని నెలలుందో తేల్చుకున్నాకే ఫిల్మ్ రకం ఎంచుకోవాలి.

బడ్జెట్ తక్కువ. బండి మొత్తం చేయించలేను. ఏ భాగం వదిలేయాలి?

పైకప్పు ముందు వదిలేయండి. ఎండ నేరుగా పడేది దాని మీద, పక్కలకంటే చాలా ముందే అది చెడిపోతుంది, చూసేవాళ్ళూ తక్కువే. బానెట్టుదీ అదే కథ.

నన్ను అడిగితే మొదటి రూపాయి వెనక తలుపులకే పెట్టాలి. విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరో, రామవరప్పాడు రింగు దగ్గరో సాయంత్రం ట్రాఫిక్‌లో మీ బండి వెనక ఆగినవాళ్ళు చేయడానికి పనేమీ లేక కనిపించింది చదువుతారు. మా దగ్గరికి ఫోన్లు చేసి "మీ బండి వెనక నంబరు చూశాం" అన్నవాళ్ళు ఎక్కువ, పక్కన చూశామన్నవాళ్ళు తక్కువ. పైన అనుకున్న రేట్లతోనే చూడండి, వెనక 22న్నర అడుగులు మాత్రం ఖరీదైన ఫిల్మ్‌తో చేయిస్తే 5,625, జీఎస్టీతో 6,637. బండి మొత్తానికి చవకది వేయించే ఖర్చు కన్నా ఇది తక్కువ, పైగా రెట్టింపుకి పైగా కాలం నిలుస్తుంది. డబ్బు తక్కువున్నప్పుడు చోటు తగ్గించండి, ఫిల్మ్ తగ్గించకండి. పక్కలకి బాడీ రంగు అలాగే ఉంచి, పేరు మాత్రం కటింగ్ అక్షరాలతో, అదే మన రేడియం షాపుల్లో చేసే పని, వేయించుకుంటే చాలా బాగుంటుంది. మిగతాది వచ్చే ఏడు చూసుకోవచ్చు.

డిజైన్‌కి విడిగా డబ్బులివ్వాలా? షాపులో ఉచితంగా చేస్తామంటున్నారు.

ఇవ్వండి. ఉచిత డిజైన్ అంటే పాత ఫైల్లో పేరు మార్చి ఇవ్వడమే ఎక్కువ. బండి మీద పేరు, అమ్మే సరుకు, ఫోన్ నంబరు, ఈ మూడూ ఇరవై ముప్పై అడుగుల దూరం నుంచి చదవగలగాలి. పదిహేను రకాల పొడుల జాబితా, దేవుడి బొమ్మ, మూడు ఫోన్ నంబర్లు, క్యూఆర్ కోడ్ అన్నీ పెడితే ఏదీ చదవలేరు. కదిలే బండి మీద క్యూఆర్ కోడ్ ఎవరు స్కాన్ చేస్తారో నాకైతే అర్థం కాదు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం నిజంగా జాగ్రత్త. మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ అక్షరాలు, షాపుల్లో టైప్ చేసే డీటీపీవాళ్ళు ఎక్కువగా వాడేది అను ఫాంట్లు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. మా రెండో బండికి "నల్ల కారం" అని రాయమంటే ఏడడుగుల రేకు మీద, అడుగు ఎత్తు అక్షరాలతో "నల కారం" అని వచ్చింది. స్క్రీన్ మీద నేనే చూశాను, సరే అన్నాను, చిన్న ఫోన్లో ఆ ఒత్తు లేదని గమనించలేదు. ఆ ముక్క మొత్తం మళ్ళీ ప్రింట్ చేయించాల్సి వచ్చింది, డబ్బు నేనే కట్టాను, ఎందుకంటే "ఓకే" అని పంపింది నేను. అప్పటినుంచీ ఫైనల్ ఫైల్‌ని ఏ4 కాగితం మీద తీయించి, మా ఆవిడకీ, గోడౌన్లో చదువు వచ్చిన కుర్రాడికీ చూపించి, ఫోన్ నంబరుకి ఆ కాగితం చూస్తూ ఒకసారి డయల్ చేసి, అప్పుడే ఓకే అంటున్నాను. "స్వచ్ఛమైన" అన్న మాట పెట్టేటట్టయితే ఛ ఒత్తు ఒకటికి రెండుసార్లు చూడండి. అంతా సరిపోయాక అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మగా, మార్చమనండి, ఇంకో కంప్యూటర్లో తెరిచినా ఇక మారవు. కోరల్ డ్రా ఫైల్, పీడీఎఫ్ రెండూ మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, డిజైన్ డబ్బులు కట్టారు కాబట్టి ఫైల్ మీదే.

మా రంగు ఎరుపు. ఏడాదికే గులాబీ అయిపోయిందెందుకు?

మిర్చి ఊరివాళ్ళందరికీ ఉన్న బాధ ఇది. ప్రింట్‌లో ఎరుపు అంటే మెజెంటా, పసుపు ఇంకులు కలిపి వేసేది, ఎండకి ముందు పోయేవి ఆ రెండే. నల్లదీ నీలమూ నిలబడతాయి. అందుకే పెద్దగా ఎరుపు నిండిన చోట ప్రింట్ వేయించకుండా, తయారీలోనే రంగు కలిసి వచ్చిన ఎర్ర ఫిల్మ్‌ని నేరుగా వేసి, దాని మీద తెల్ల అక్షరాలు కట్ చేయించి అతికించండి. ఎస్‌ఎఫ్‌టీ రేటు కొంచెం ఎక్కువ పడ్డా నిలుస్తుంది.

కొత్తగా బాడీ కట్టించాం. పెయింట్ అయిన మర్నాడే స్టిక్కర్ వేయించవచ్చా?

వద్దు, దయచేసి వద్దు. మూడేళ్ల కిందట మేము చేసిన పని అదే. బాడీ ఆటోనగర్‌లో కట్టించాం, పెయింట్ వేసిన ఐదో రోజున, పండగ ముందు బండి రోడ్డెక్కాలన్న తొందరలో స్టిక్కరింగ్‌కి పంపేశాం. షాపువాళ్ళు కూడా పెయింట్ ఎప్పుడు వేశారని అడగలేదు. చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల థిన్నరు ఇంకా బయటికి పోతూనే ఉంటుంది, దారి మూసేస్తే ఫిల్మ్ కింద బుడగలు కడుతుంది. నెల తిరిగేసరికి కందిగింజల్లాంటి బుడగలు రేకు నిండా వచ్చాయి. పీకితే ఫిల్మ్‌తో పాటు పెయింట్ కూడా పొరలు పొరలుగా లేచి రెడాక్సైడ్ (పెయింట్ కింద వేసే ఎర్ర ప్రైమర్) కనిపించింది. మళ్ళీ పెయింట్, మళ్ళీ స్టిక్కర్. మామూలుగా గాలికి ఆరబెట్టే పెయింట్ అయితే కనీసం మూడు నాలుగు వారాలు ఆగండి, ఆ వారాలు బండి అక్షరాలు లేకుండా తిరిగితే నష్టమేమీ లేదు. తుప్పు, పుట్టీ లేచిన చోట్లు ఉంటే ముందు అవి సరిచేయించే డబ్బు బడ్జెట్‌లో రాసుకోండి, లేచిపోయే పెయింట్ మీద ఎంత మంచి ఫిల్మ్ అయినా నిలవదు.

ఆర్టీవోవాళ్ళు, ట్రాఫిక్ పోలీసులు ఏమైనా అంటారా?

మన పేరు, నంబరు రాసుకుంటే మామూలుగా ఇబ్బంది రాదు. బండి రంగే మారిపోయేలా చుట్టేస్తే మాత్రం ఆర్సీలో ఉన్న రంగుకీ బండికీ పొంతన ఉండదు, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. తెల్ల బండిని పూర్తి ఎరుపు చేయాలనుకుంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడిగి, రంగు మార్పు నమోదు చేయించండి. బడ్జెట్ కోసమైనా సరే, అసలు రంగు ఎక్కువగా కనిపించేలా డిజైన్ చేయించుకోవడమే తేలిక.

అద్దాల జోలికి పోవద్దు. కిటికీ అద్దాలకి ఫిల్ములు అతికించకూడదని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో చెప్పింది. ఈకో వెనక అద్దానికి చిల్లులున్న వన్ వే విజన్ (బయటికి బొమ్మ కనిపించి, లోపలినుంచి రోడ్డు కనిపించే ఫిల్మ్) వేస్తామని షాపుల్లో అంటారు, మేము వద్దన్నాం. నంబరు ప్లేటు, లైట్లు, గూడ్సు బళ్ళకి తప్పనిసరైన రిఫ్లెక్టివ్ టేపు, నేషనల్ పర్మిట్ బండైతే ఆ అక్షరాలు, ఇవేవీ ఫిల్మ్ కింద పడకూడదు. వెనక తలుపు డిజైన్ చేసేటప్పుడే ఎర్ర టేపు చోటు వదిలి గీయమనండి. ఇంకొకరి ప్రకటన మీ బండి మీద వేసి డబ్బు తీసుకోవాలనుకుంటే అది వేరే సంగతి, రవాణా శాఖని అడగకుండా చేయకండి.

ఏ నెలలో చేయిస్తే మంచిది?

నవంబరు నుంచి ఫిబ్రవరి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి రేకుకి జిగురు తాకగానే పట్టేసుకుంటుంది, ఫిల్మ్‌ని జరిపి సరిచేసే వీలుండదు. ఎండాకాలం తప్పకపోతే బండిని రాత్రంతా నీడన ఉంచి తెల్లవారుజామున మొదలుపెట్టమనండి. దసరా ముందు, సంక్రాంతి ముందు, ఎన్నికలప్పుడు ప్రింటింగ్ షాపులన్నీ కిటకిటలాడతాయి, రేటూ తగ్గదు, ప్రింట్ ఆరనివ్వరు. సాల్వెంట్ ఇంకుతో వేసిన ప్రింట్ లామినేషన్‌కి ముందు కనీసం ఒక రోజు ఆరాలి, పొద్దున ప్రింట్ వేసి సాయంత్రం బండి ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

జీఎస్టీ వెనక్కి వస్తుందా?

కాంపొజిషన్ స్కీములో (టర్నోవరు మీద కొద్ది శాతం మాత్రం కట్టే పద్ధతి) ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నదాని మీద కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకునే వీలు, రాదు, ఆ 18 శాతం కూడా ఖర్చులోకే రాసుకోండి. రెగ్యులర్‌లో ఉంటే మీ జీఎస్టీ నంబరు వేసిన బిల్లు తీసుకుని ఆడిటరుకి ఇవ్వండి. గూడ్సు బండికీ, మనుషులు తిరిగే చిన్న కారుకీ క్రెడిట్ నిబంధనలు ఒకేలా ఉండవు, ఆ తేడా ముందే అడగండి. బిల్లు లేకుండా తక్కువకి చేస్తామంటే క్రెడిటూ ఉండదు, రేపు అంచు లేచినప్పుడు చూపించడానికి కాగితమూ ఉండదు.

కడగడం, పూజ?

మొదటి వారం నీళ్ళు కొట్టించకండి. తర్వాత కూడా ప్రెషర్ గన్‌ని అడుగు దూరం నుంచి, అంచులకి సూటిగా తగలకుండా కొట్టమనండి. సర్వీసింగ్‌లో కింద కొట్టే డీజిల్ ఫిల్మ్ అంచులకి తగిలితే జిగురు కరుగుతుంది, మా పికప్‌కి కింది అంచులు ముందుగా లేచింది అందుకే. దసరాకి ఆయుధ పూజ చేస్తాం కదా, పసుపు కుంకుమ బొట్లు నంబరు ప్లేటు పైన ఉన్న ఉత్త రేకు మీద పెట్టండి. తెల్ల ఫిల్మ్ మీద పెడితే పసుపు మరక ఎండకి కొన్నాళ్ళకి పోతుంది కానీ కుంకుమ రంగు మా ఈకో మీద ఇప్పటికీ ఉంది.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి, ఏం రాయించుకోవాలి?

సగం చాలు. మిగతా సగంలో కొంత, పదో వంతైనా, బండి పది రోజులు ఎండలో తిరిగాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి. పని సరిగ్గా చేసేవాళ్ళు దీనికి అభ్యంతరం చెప్పరు. కాగితం మీద ఫిల్మ్ పేరు, సిరీస్, లామినేషన్ పేరు, అంచులు లేస్తే ఎన్ని నెలల దాకా ఉచితంగా సరిచేస్తారు, వంపుల దగ్గర హీట్ గన్‌తో చివరి వేడి పెడతారా లేదా, ఇవి ఉండాలి. చివరి వేడి పెట్టకపోతే సాగదీసిన చోట ఫిల్మ్ వారంలోనే గాడిలోంచి పైకి లేస్తుంది.

పీకేటప్పుడు అయ్యే ఖర్చు కూడా ఇప్పుడే అడిగి రాసుకోండి. ఐదేళ్ల తర్వాత మంచి క్యాస్ట్ వేడి చేస్తే షీటుగా వస్తుంది. ఎండకి పెళుసెక్కిన చవక ఫిల్మ్ గోరంత ముక్కలుగా రాలుతుంది, మా మొదటి ఏస్ ఒక పక్క గీకడానికి ఇద్దరు మనుషులకి ఒక రోజంతా పట్టింది, కింద పెయింట్ మా పేరు ఉన్న చోట కొత్తగా, మిగతా చోట వెలిసిపోయి, స్టిక్కర్ తీసేసినా పేరు చదవగలిగేటట్టే ఉంది. బండి కొన్నాయన అది చూసి రెండువేలు తగ్గించమన్నాడు, తగ్గించాం.